వాన పడ్డాక వెళ్దామనుకున్న దీవి

మా ఆయన బొంబాయిలో బిల్డింగుల పనికి పోయేవాడు. ఏడాదికోసారి, ఎండాకాలంలో, సంచి భుజాన వేసుకుని నారాయణఖేడ్ బస్టాండులో దిగేవాడు. నెల రోజులుండి పోయేవాడు. ఆ నెలంతా మేమిద్దరం కలిసి ఉన్నామని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఉన్నవి రెండు అర్రలు. అత్త, మామ, మరిది సంసారం, పెండ్లిళ్ల కాలం కాబట్టి వచ్చీపోయే చుట్టాలు. పెద్దల ముందర మొగుడితో మాట్లాడితే సిగ్గులేనిదనేవాళ్లు. ఇంకో రొట్టె కావాలా అని కూడా అత్త చేతనే అడిగించేదాన్ని. అత్త కొడుకును అడిగేది, కొడుకు అత్తకు చెప్పేవాడు, అత్త నాకు చెప్పేది. ఈలోపు రొట్టె చల్లారేది.

మేం మాట్లాడుకునేది చేను బాటలోనే. సిర్గాపూర్ దిక్కు మా చెలక. ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. పక్కపక్కన నడిస్తే ఊరు నవ్వుతుంది మరి. ఆయన తల తిప్పకుండా బాటతో చెప్పినట్టు చెప్పేవాడు, నేను ఆయన వీపుతో చెప్పేదాన్ని. ఆయన మెడ వెనక పుట్టుమచ్చ నాకు తెలిసినంతగా ఆయన ముఖం తెలియదంటే నమ్మండి.

ఒకనాడు అట్లా పోతూ దీవి సంగతి ఎత్తాడు.

"బొంబాయి ఒడ్డు కాడికెల్లి లాంచీ పోతది. గంటసేపు. సముద్రం నడుమ గుట్ట, గుట్టల గుహలు, గుహల శివుడు. మూడు మొఖాలట."

"అట అంటున్నవేంది? నువ్వు చూడలేదా?"

"ఒక్కన్నే పోయి ఏం జేయాలె?"

"గాడ ఎవరుంటరు?" అని అడిగాను.

"చూడవచ్చినోళ్లుంటరు. మనల్ని ఎరిగినోళ్లు మాత్రం ఒక్కరుండరు."

ఆ ఒక్క మాటకే నాకు ఆ దీవి మీద ఆశ పుట్టింది. దేవుడి మీద ఆశ కాదు నాది, అబద్ధమెందుకు. ఆయన పక్కన కూర్చుని, ముఖం చూస్తూ, నా నోటితో నేను మాట్లాడాలి. ఒక్క పూటైనా చాలు. ఆ పూట బొంబాయిలో కూడా దొరకదు. అక్కడ ఆయన ఉండే అర్రలో పదిమంది మగవాళ్లు వంతులేసుకుని పడుకునేవారు. నేను పోతే, అక్కడే పనిచేసుకునే మా ఊరి దంపతుల ఒంటిగది ఖోలీలో, వాళ్ల పిల్లల మధ్యన పడుకోవాలి. అందుకని మాకు ఇల్లంటే ఆ దీవే అయింది.

ఇగ చూడండి మా ఏర్పాట్లు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మొదటి లాంచీకే ఎక్కాలి, ఆఖరి లాంచీకి గాని తిరిగి రావొద్దు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం, ఉల్లిగడ్డ నేను కట్టుకొస్తాను. పెండ్లినాటి పచ్చచీర కట్టుకుంటాను. నాకు ఒకటే పరేషాన్, తాగే నీళ్లు. "సుట్టూ ఉప్పునీళ్లేనంటివి, మరి బిందె మోసుకపోవాల్నా?" అంటే ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే, పక్క చేనులో కట్టెలేరుతున్న ముసలమ్మ తలెత్తి చూసింది. ఆ రోజంతా మళ్లీ మాట్లాడుకోలేదు.

ఎప్పుడు రావాలన్న ముహూర్తం మాత్రం నేనే పెట్టాను. మాది వానకు పండే నేల. మృగశిరలో వాన పడాలి, పత్తి, కంది, పెసర, మినుము విత్తాలి, మొలక కనబడాలి. అప్పటిగ్గాని ఇంట్లో ఎవరి మనసూ నెమ్మదిగా ఉండదు. కలుపుకు గుంటుక తోలేదాకా కొన్నాళ్లు సందు దొరుకుతుంది. మొక్కులున్నా, చుట్టాలను చూసి రావాలన్నా మావాళ్లు ఆ సందులోనే పోతారు.

"వాన పడ్డంక వస్త," అన్నాను.

ఆయన అడుగు ఆగింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. కాసేపటికి, "మంచిగుంటది, రా," అని మళ్లీ నడిచాడు.

ఆ ఏడు వాన జల్దీ వచ్చింది. మొలకలు చూసి, అత్త ముందు నోరు విప్పాను. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు సుట్టుమన్నదట! గంత దూరం ఎందుకే?" అని అత్త లేచింది. మామే అడ్డం వచ్చాడు. "పోనియ్యి. విత్తనం పడ్డది గద. గుంటుక నాటికి రావాలె." మా ఊరి దంపతులు బొంబాయికి తిరిగిపోతుంటే వాళ్ల వెంట జహీరాబాద్ పోయి, అక్కడ బొంబాయి బస్సెక్కాను. దారంతా రొట్టెల మూట ఒళ్లోనే పెట్టుకున్నాను.

బొంబాయిలో దిగేసరికి కుండపోత. నాకు ఎంత సంబరమో! వాన ఎదురొస్తే మాకు శుభం. అక్కడి జనం మాత్రం వానను తిట్టుకుంటూ ఉరుకుతున్నారు. పాపిష్టి మనుషులనుకున్నాను.

మర్నాడు పచ్చచీర కట్టుకుని ఆయన వెంట సముద్రం ఒడ్డుకు పోయాను. సముద్రం చూస్తామని, నన్ను వెంటబెట్టుకొచ్చిన మా ఊరావిడ కూడా పిల్లలతో వెంటబడింది. సముద్రం నీలంగా ఉంటుందన్నారు, మా వాగుకు వరదొచ్చినట్టు ఎర్రమట్టి రంగులో ఉంది. లాంచీలన్నీ ఒడ్డునే కట్టేసి ఉన్నాయి, పైన తాటిపత్రి పట్టలు కప్పి. రేకుల కింద తాడు పేనుతున్న ఒకాయన్ని మా ఆయన హిందీలో అడిగాడు. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"బంద్. బారిష్ మే సబ్ బంద్."

వానలు తగ్గిందాకా దీవికి లాంచీలు పోవు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదు. వాన పడితే చేను పచ్చబడుతుందని, అప్పులోడు నెమ్మదిస్తాడని, పెండ్లిళ్లు కుదురుతాయని తెలుసు. వాన పడితే దారి మూసుకుపోతుందని మా ఏడు తరాల్లో ఎవరికి తెలుసు?

మా ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు చేను బాటలో ఆగిన ఆ అడుగు యాదికొచ్చింది.

"నీకు ఎరికేనా?"

"ఎరికే."

ఒళ్లు మండింది నాకు. "ఎరికుండి రమ్మంటివా? గీ రొట్టెలు ఎవనికి జేసిన? గీ చీర ఎవని కోసం కట్టిన? ఒక్క మాట చెప్తే నీ ముల్లె పోతుండెనా?"

"చెప్తే నువ్వు వస్తుంటివా?" అన్నాడు మెల్లగా. "విత్తనం పడ్డంక దప్ప నిన్ను మా అమ్మ ఇడుస్తదా? దీవి లేకుంటే లేకపాయె. నువ్వన్న వస్తవు గద అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. వానలో అది ఎవరికీ కనబడలేదు, అంత మటుకు మేలే. గోడ పక్కన మూట విప్పి ఇద్దరం చెరో రొట్టె తిన్నాం. పక్కపక్కనే నిలబడి తిన్నాం, అంతమందిలో. సగం కాకముందే మా ఊరావిడ అరిచింది: "ఇగ పోదామా? పోరగాండ్లు తడుస్తుండ్రు!"

గుంటుక నాటికి ఇంటికొచ్చాను. తర్వాతి ఎండాకాలం బాటలో మళ్లీ మొదలుపెట్టాడు. "దీపావళికి రా, లాంచీలు నడుస్తయి." దీపావళికి పత్తి ఏరేదెవరు? సంక్రాంతి దాటితే కంది కోత, ఆ వెనకే జొన్న. ఎండాకాలం ఆయనే వస్తాడు. సముద్రం తెరిచిననాడు నాకు తీరదు, నాకు తీరిననాడు సముద్రం బంద్. అయినా ఏటా అనుకునేవాళ్లం, ఆయన బాటతో, నేను ఆయన వీపుతో.

కొన్నేండ్లకు దగ్గు పట్టుకుని ఇంటికొచ్చేశాడు. దవాఖానలు తిప్పాం, తగ్గలేదు. పోయేనాడు కూడా అర్ర నిండా మనుషులే. పెద్దల ముందర చెయ్యి పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. గడప కాడ నిలబడి చూశాను.

ఇప్పుడు చెలక కౌలుకిచ్చాను. అత్తామామలు లేరు, మరిది వేరే ఇల్లు కట్టుకున్నాడు. రెండు అర్రల్లో నేనొక్కదాన్నే. ఎంత గట్టిగా మాట్లాడినా తప్పుపట్టేవాళ్లు లేరు, పన్నెండు నెలలూ తీరికే. మొన్న దీపావళికి అప్పటి మా ఊరావిడే ఇంటికొచ్చింది.

"బొంబాయి పోతున్నం, వస్తవా? లాంచీలు నడుస్తున్నయట. నీ దీవి చూసొద్దువు."

"ఒక్కదాన్నే పోయి ఏం జేయాలె?" అన్నాను.