మునిరత్నం గుక్క

చిత్తూరు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో శాక్సోఫోన్ అంటే మునిరత్నం పేరే చెప్పేవాళ్లు. పాట మధ్యలో ఒకచోట ఆయన గుక్క తిప్పుకోకుండా ఊదుతూనే ఉండేవాడు. బ్యాండులో మిగతావాళ్లు వాయించడం ఆపి పక్కకు జరిగేవాళ్లు. పిల్లలు ఆయన బుగ్గలకేసి నోరు తెరుచుకుని చూసేవాళ్లు. పెళ్లికొడుకు కారు కూడా అంతసేపూ ఆగాల్సిందే.

ఆ విద్య ఆయనకు ఒక అమెరికా రికార్డు వల్ల అబ్బింది. పూతలపట్టు దగ్గర వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే చిత్తూరు బ్యాండులో చేరి క్లారినెట్ నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు పాకాల జంక్షన్లో రైలు డ్రైవరుగా చేసిన ఆంగ్లో ఇండియన్ ఒకాయన ఊరు వదిలిపోతూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, వెళ్లి పాత శాక్సోఫోన్ కొన్నాడు. ఆయన దాంతోపాటు ఒక జాజ్ రికార్డూ, రికార్డు ప్లేయరూ ఊరికే ఇచ్చి, "ముందు ఇది విను, తర్వాత అది ఊదు" అన్నాడు.

రికార్డు అప్పటికే బాగా అరిగిపోయింది. ముల్లు ఆనించగానే కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చిటపటలు. అయినా వాటి వెనక నుంచి వచ్చే శాక్సోఫోన్ మునిరత్నాన్ని పట్టుకుంది. రెండో పాటలో ఒకచోట ఆ అమెరికా వాద్యకారుడు ఎంతసేపు ఊదినా ఊపిరి తీసుకున్నట్టే వినపడదు. అదెట్లా సాధ్యమో అడగడానికి కార్వేటినగరంలో నాదస్వరం వాయించే పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక బొప్పాయి కాడ చేతికిచ్చి, చెంబులో నీళ్లు పోసి, బుడగలు తెగకుండా ఊదమన్నాడు. బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ అదే సమయంలో ముక్కుతో గాలి పీల్చుకోవాలి. భార్య భారతమ్మ తిడుతున్నా వినకుండా మునిరత్నం ఏళ్ల తరబడి ఆ చెంబు ముందు కూర్చున్నాడు. చివరికి పట్టుబడింది.

తిరుపతి గాంధీ రోడ్డులో క్యాసెట్ల అంగడి నడిపే హరినాథ్‌కు ఈ కథంతా తెలుసు. 1999లో సరుకు కోసం మద్రాసు వెళ్లినప్పుడు అదే ఆల్బమ్ సీడీగా మళ్లీ విడుదలై కనిపిస్తే కొనుక్కొచ్చి కబురు పెట్టాడు. మునిరత్నం తన రికార్డును తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి వచ్చాడు. అంగట్లో రెండూ ఒకే స్పీకర్లలో వినే ఏర్పాటు ఉంది. ఒక పాట దీంట్లో, అదే పాట దాంట్లో విన్నారు.

"సూడన్నా, చిటపట ఒక్కటి లేదు. డ్రమ్ము మీద కుంచెతో రుద్దేది గూడా ఇనపడతా ఉండాది" అన్నాడు హరినాథ్.

"ఇనపడతాదిలే. ఆ పెద్ద తీగల వాయిద్యం రికార్డులో గుండెకాయ కాడ కొడతా ఉండె. దీంట్లో గోడవతల కొట్టినట్టుండాది."

"అది అరిగిపోయిన రికార్డు చేసే గందరగోళమన్నా. నువ్వు దానికి అలవాటు పడినావు."

"బియ్యం మరీ కడిగితే సారం పోతాదప్పా."

వాదన ఇట్లా సాగుతుండగా సీడీలో రెండో పాట వచ్చింది. మునిరత్నం కళ్లు మూసుకున్నాడు. తను ప్రాణం పెట్టి నేర్చుకున్న చోట, రెండు స్వరాల మధ్య, 'హుఫ్'మని చిన్న చప్పుడు. ఆయన కళ్లు తెరిచాడు. హరినాథ్ అడగకుండానే వెనక్కి తిప్పి పెట్టాడు. మళ్లీ అదే చప్పుడు. రికార్డులో అక్కడ చిటపటలే తప్ప ఏమీ లేదు.

"ఊపిరి తీసుకున్నాడన్నా."

"ల్యా. మిషను చప్పుడది."

"నీకు తెలీదా గుక్క చప్పుడు?"

మునిరత్నం రికార్డును తువ్వాలులో చుట్టుకుని, కొనిపెట్టిన సీడీని గల్లాపెట్టె మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఎందుకు తెచ్చానురా అని హరినాథ్ ఆ రోజంతా బాధపడ్డాడు.

మరుసటి వారం మునిరత్నమే వచ్చాడు. "ఇంకొకతూరి పెట్టు" అన్నాడు. పాట చివరిదాకా విన్నాడు.

"గుక్క తీసుకునింది నిజమే. అయితే సూడు హరీ, ఆడ ఆగినాంక వచ్చే సొరానికి ఎంత బరువుండాదో! నేను ఆగకుండా పోతిని. నాకు ఆ బరువు ఎన్నడూ రాలా."

"అయితే సీడీనే మేలంటావా?"

"యాడ మేలు? ఇదే ముందు ఇనుంటే నేను బొప్పాయి కాడ పట్టుకుందునా? ఆ అరిగిన రికార్డే నాకు ఇంత పేరు తెచ్చింది."



ఆ సాయంత్రం ఇంట్లో మునిరత్నం మధ్యలో ఊపిరి తీసుకుంటూ ఆ చోటు వాయించాడు. పొయ్యి దగ్గర నుంచి భారతమ్మ లేచి వచ్చింది.

"ఏమైందయా, ఆపినావు?"

"ఎట్లుండాది?"

"బాగుండాది. ఇన్నేండ్లు నువ్వట్లా ఊదతా ఉంటే నరాలు చిట్లుతాయేమోనని నాకు ఊపిరాడేది కాదు" అని మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.

నాయుడుపేటలో ఒక పెళ్లిలో ధైర్యం చేసి జనం ముందు కూడా అట్లాగే వాయించాడు. "మునిరత్నం ముసలోడైపోయినాడప్పా, గుక్క సాలడం ల్యా" అని ఎవరో అన్నారు. ఆయన నవ్వి, అదే పాట పాత పద్ధతిలో ఏకబిగిన ఊది చూపించాడు. ఈలలు పడ్డాయి. అప్పటినుంచి ఊరేగింపుల్లో జనం అడిగినట్టు ఊదేవాడు. ఇంట్లో మాత్రం ఆగి, గాలి పీల్చుకుని, తర్వాతి స్వరం మొదలుపెట్టేవాడు.

హరినాథ్‌తో వాదన మాత్రం తెగలేదు. తిరుపతి వెళ్లినప్పుడల్లా ఆ అంగట్లో కూర్చుని, పెద్ద తీగల వాయిద్యం సీడీలో గోడవతలే ఉందని మునిరత్నం అంటూనే ఉన్నాడు.