తీపిని పట్టే బుడ్డి మీద నా ఫిర్యాదు

కుర్ర వయసులో ఖరగ్‌పూర్ ఊరంతా కలిసి నా మీదే కుట్ర పన్నిందని నా గట్టి నమ్మకం. (ఇప్పుడూ ఆ అనుమానం పూర్తిగా పోలేదు.) చదువు అయిన వెంటనే ఒక ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాను. పొద్దున్నే ఖరిదాలోని మా నాన్న కిరాణా కొట్టు ముందు నుంచి సైకిలెక్కి, పూరీ గేట్ మీదుగా, దూరంగా వినిపించే రైలు కూతల మధ్య కలలు కంటూ వెళ్లేవాణ్ణి. కలలన్నిటి సారం ఒక్కటే: సైన్సు సభల్లో గోడకి తగిలించే ఏదో ఒక పరిశోధన పోస్టర్ మీద నా పేరు. ఎందుకంటే అంతకుముందు వేసిన పోస్టర్ మీద అది లేదు. నెలల తరబడి గాజు పలకలు కడిగింది నేను. పేర్లు వేయించింది మా సీనియర్ పరిశోధకురాలు, మేమంతా దీదీ అని పిలిచే బెంగాలీ ఆవిడ. అడిగితే, "ఆరే, భూల్ హో గయా!" అని, పొరపాటైపోయిందంటూ నవ్వి నా నోట్లో ఒక రసగుల్లా పెట్టింది. రసగుల్లా తిన్నాను. సంగతి మర్చిపోలేదు.

ఆ ఏడాది మా పని మనిషి నాలుక మీద తీపిని గుర్తుపట్టే రిసెప్టర్ గురించి. ఆ రిసెప్టర్ ఉన్న కణాలు కొన్ని, లేని కణాలు కొన్ని పెంచాం. ఉన్నవాటినే వెతికి పట్టుకుని అతుక్కునే యాంటీబాడీ ఒకటి తెప్పించారు. చిటికెన వేలి గోరంత బుడ్డి, చుట్టూ బోలెడు మంచు. అది అతుక్కున్నచోట, రంగు కట్టిన ఇంకో మందు వేసి నీలం కాంతిలో చూస్తే, పచ్చగా వెలగాలి. "బొమ్మ నమ్మేలా వస్తే ఈసారి పోస్టర్ మీద నీ పేరుంటుంది, నాది హామీ," అన్నారు ప్రయోగశాల నడిపే మా సార్.

బుడ్డి వచ్చింది సరిగ్గా విశ్వకర్మ పూజ రోజున. ఈ రైల్వే ఊళ్లో ఆ రోజు పూజ అందుకోని యంత్రం ఉండదు. దీదీ మైక్రోస్కోపుకి బంతిపూల దండ వేసి సింధూరం పెట్టింది. నేను ఇంటినుంచి పసుపు పొట్లం తెచ్చుకున్నాను. అమ్మ పొద్దున్నే చెప్పి పంపింది: "కొత్త వస్తువుకి పసుపెట్టకుండా పన్లోకి దిగిపోతావేట్రా? గడపకి రాసినట్టు నాలుగు మూలలా రాయి. సుక్కురోరం సుక్కురోరం మళ్లీ రాయి, మానీకు." పలకలు కడిగే ప్లాస్టిక్ పెట్టె ఆ వారమే కొత్తది. పైన రాస్తే దీదీ నవ్వుతుందని లోపల రాశాను.

చీకటి గదిలో మొదటిసారి చూశాను. నల్లటి ఆకాశంలో వేల పచ్చ చుక్కలు. యార్డులో సిగ్నళ్లన్నీ నా ఒక్కడి కోసమే దారి ఇచ్చినట్టు. ఎంతసేపు చూశానో తెలియదు. "దీదీ, వెలిగింది!" అని అరిచాను. ఆవిడ వచ్చి, రిసెప్టర్ లేని కణాల పలక పెట్టి చూసింది. అదీ వెలిగింది. "బాబా, తీపి లేనిచోట కూడా తీపేనా?" అంది.

తప్పు బుడ్డిదేనని ఆ క్షణమే తేల్చేశాను. కంపెనీకి ఉత్తరం రాశాను. వాళ్లు మర్యాదగా, "మా యాంటీబాడీ అసలు వేయని పలకను కూడా ఒకసారి చూసి ఫొటో పంపగలరా?" అని జవాబిచ్చారు. నన్ను అనుమానిస్తున్నారన్నమాట! "చేసెయ్ బాబా, చిన్న పనేగా," అంది దీదీ. వేయని మందు వెలుగుతుందా అని ఎదురడిగి, ఇంకో రెండు ఉత్తరాలు రాశాను, ఒకదాన్ని మించి ఒకటి ఘాటుగా. దీదీ నాకు కంప్లేంట్ బాబు అని పేరు పెట్టింది. కంపెనీవాళ్లు విసిగిపోయి కాబోలు, కొత్త బుడ్డి పంపారు. గెలిచాననుకున్నాను. అదీ అన్నిచోట్లా వెలిగింది. (మధ్యలో శుక్రవారాలు ఒక్కటీ తప్పలేదని గమనించగలరు.)

పోస్టర్ అచ్చుకి వెళ్లడానికి రెండు రోజులున్నాయి. బొమ్మ లేదు కాబట్టి పేరూ లేదు. చివరికి కంపెనీ నోరు మూయించడానికే ఏ మందూ వేయని పలక ఒకటి పెట్టాను. అన్నిటికన్నా అదే అందంగా వెలిగింది. బయట ఏదో గూడ్సు బండి తీరిగ్గా పోతున్న చప్పుడు. దీదీ వెళ్లి, పెట్టె మూత తీసి, వాసన చూసింది.

"కంప్లేంట్ బాబు, ఇంత పసుపు వాసనేంటి, ఇందులో చేప నానబెట్టావా?"

"శుక్రవారం కదా దీదీ..." అన్నాను.

నీలం కాంతిలో పసుపు తనంతట తానే పచ్చగా వెలుగుతుందట. కడిగే సబ్బునీళ్లు దాన్ని మూలల్లోంచి లాగి ప్రతి పలకకీ పూశాయి. దీదీ కొంగు దోపి, వేరే పెట్టె తెచ్చి, నాతో కూర్చుని మొత్తం మళ్లీ చేయించింది. ఈసారి రిసెప్టర్ ఉన్న కణాల అంచునే సన్నని పచ్చ గీత. మిగతాదంతా నిశ్శబ్దమైన చీకటి. పాపం, ఆ బుడ్డి మొదట్నుంచీ నిజమే చెబుతోంది. సార్‌తో దీదీ, "పెట్టె మురికిగా ఉంది సార్," అని ఊరుకుంది. (మురికి! మా కొట్టు పసుపుని!) కంపెనీకి నేనే రాశాను: "మీ యాంటీబాడీ ఇప్పుడు సరిగా ప్రవర్తిస్తోంది." ఇంట్లో చెబితే అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం, "అంతలా ఎలిగిందంటే కల్తీ లేనట్టే గదరా!" అని వారం రోజులు వచ్చిన ప్రతి ఖాతాదారుకీ చెప్పాడు.

పోస్టర్ మీద నా పేరు వచ్చింది. అందరికన్నా చివర. ఆ మాట అనబోయి, దీదీ చేతిలో రసగుల్లా గిన్నె చూసి ఆగాను.

ఇప్పుడు సుభాష్‌పల్లిలో ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. ఆ పోస్టర్ ఏమైందో తెలియదు కానీ, నేను పని మానేసిన రోజు దీదీ ఇచ్చిన ఫొటో నా సొరుగులో ఉంది. ఏ మందూ వేయని ఆ పలక ఫొటోయే; నల్లటి ఆకాశం, వేల పచ్చ చుక్కలు. వెనక రాసింది: "కంప్లేంట్ బాబుకి. ఇది పూర్తిగా నువ్వు చేసిందే, దీని మీద ఇంకెవరి పేరూ లేదు." మధ్యాహ్నం బడి ఖాళీగా ఉన్నప్పుడు తీసి చూస్తుంటాను. కింద సంతకం పెట్టడం మర్చిపోయింది దీదీ. ఆ ఒక్కదాని మీద మాత్రం నేను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.