పెద్దనాయన చూసిన కత్తులు

పెద్దనాయన పోయాడన్న మాట నాకు సంతలో తెలిసింది. పెద్దారవీడు నుంచి ఉన్ని అమ్ముకోవడానికి వచ్చిన మనిషి నా దుకాణం ముందు ఆగి, "సాయిబూ, మీ పెద్దనాయన నిన్న పొద్దున పోయినాడు. జ్వరం" అని చెప్పి బీడీకి నిప్పు అడిగాడు. ఇచ్చాను. చేతిలో ఉన్న కత్తి ఒర కుట్టు సగంలో ఉంటే దాన్ని పూర్తి చేశాను. ఇంకోటి మొదలుపెట్టాను. ఇంటికి పోయి అన్నం తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు గోడకానుకుని కూర్చున్నాను. రాలేదు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నా ఒళ్లు మొద్దుబారినట్టే ఉంది.

ఆయన నాకు రక్తసంబంధి కాడు. ఆయన గొర్రెలు కాచుకునే మనిషి, నేను మార్కాపురంలో తోలు పని చేసుకునేవాణ్ని. మా నాయన ఆయన్ని "అన్నా" అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దనాయన అయ్యాడు.

గొర్రెల కాపరుల నడుముకు ఒక చిన్న కత్తి ఉంటుంది. జానెడైనా ఉండదు. మడిచేది కాదు, పిడిలో బిగించినది. దానితోనే కంప కొడతారు, గిట్టలు చెక్కుతారు, ఈనిన గొర్రె పిల్లకు బొడ్డు కోస్తారు, మధ్యాహ్నం ఉల్లిగడ్డా కోసుకుంటారు. పెద్దారవీడులోనే కాదు, అటు బేస్తవారిపేట దాకా ఎవరు అలాంటి కత్తి కొనాలన్నా ముందు పెద్దనాయనకు చూపించాలి. ఆయన "ఊఁ" అంటేనే కొనేవాళ్లు. లేదంటే మారుమాట లేకుండా కమ్మరికి తిరిగి ఇచ్చేసేవాళ్లు. అందుకే ఆయన సంతలోకి వస్తున్నాడంటే కమ్మరులు సరుకును మళ్లీ ఒకసారి నూరుకునేవాళ్లు.

ఆయన ముందు ఒరను చూసేవాడు, తర్వాతే కత్తి. నేను కుట్టిన మొదటి ఒర చూపించిన రోజు మరిచిపోలేను. మంచి దున్నతోలు, తంగేడు బెరడు నీళ్లలో నానేసి ఊనినది. దాని మీద పూలు, తీగలు కూడా అద్దాను. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చెంబులో నీళ్లు తీసుకుని ఒరలో పోశాడు. నీళ్లు అందులోనే నిలిచాయి.

"వానొస్తే ఈ నీళ్లు యాడికి పోవాల సాయిబూ? కత్తి ఈత కొడ్తాదా?"

తర్వాత ఆ పూల మీద వేలు పెట్టి, "ఇవి గొర్రెలకు చూపియ్యాల్నా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమంతా ఆయన మీద పళ్లు నూరాను. కానీ అప్పటినుంచి నేను కుట్టే ప్రతి ఒరకూ కొసన చిన్న బెజ్జం ఉంటుంది.

రెండో ఒరకు ఇంకో వంక పెట్టాడు. కత్తి అంచు కుట్టుకు తగులుతోంది, దారం తెగుతుంది, మధ్యలో తోలు పట్టీ వేయమన్నాడు. తర్వాతిదాన్ని కత్తితో సహా తలకిందులు చేసి విదిలించాడు. కత్తి జారలేదు. సంబరపడ్డాను. అంతలోనే, "బాగనే పట్టుకునుండాది. ఇప్పుడు ఒక చేత్తో లాగు చూద్దాం" అన్నాడు. లాగితే ఒర కూడా చేతికి వచ్చింది. "ఇంకో చేతిలో గొర్రె ఉంటాది గదా" అని లేచి వెళ్లిపోయాడు.

కత్తి విషయంలోనూ అంతే. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. బొటనవేలు అంచుకు అడ్డంగా జరిపేవాడు. పిడి పట్టుకుని వేపపుల్లలో గుచ్చి పక్కకు వంచేవాడు. యుద్ధం వచ్చి ఇనుము దొరకని రోజుల్లో కమ్మరులు ఇనుము అరగదీసే పాత ఆకురాళ్లతో, బండి చక్రం ఇనుప కట్లతో కత్తులు చేశారు. ఆకురాయితో చేసింది పదునుగా ఉండి పుటుక్కున విరిగేది, కట్టుతో చేసింది మెత్తగా వంగేది. అయినవాళ్లు తెచ్చినా, ఆయన ఇంట్లో అన్నం తినే మనిషి తెచ్చినా సరే, బాగాలేకపోతే బాగాలేదనేవాడు. కాస్త మెత్తగా చెప్పవచ్చు కదా అని ఒకసారి అన్నాను. "నేను మొగమాటపడితే ఆ పిలగాని ఏలు తెగుతాది" అన్నాడు.

ఆఖరి రోజుల్లో ఆయన పద్ధతి మారింది. ఎవరు కత్తి తెచ్చినా వాళ్లను వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చేవాడు. కత్తి నా చేతికిచ్చి, తల వంచుకుని కూర్చునేవాడు.

"ఏం కనపడతాది, చెప్పు."

నేను చూసింది చూసినట్టు చెప్పేవాణ్ని. అంచు తిన్నగా ఉందనీ, మధ్యలో నల్లమచ్చ ఉందనీ, పిడి మేకు వదులుగా ఉందనీ. ఆయన తల ఊపి, బొటనవేలితో ఒకసారి తడిమి, అవుననో కాదనో తేల్చేసేవాడు. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. గర్వంగా ఉండేది. పని తొందరలో ఉన్నప్పుడు మాత్రం, ఆయనకు కళ్లు లేవా ఏమిటి అని లోపల విసుక్కునేవాణ్ని కూడా.

ఆయన దినాలు అయిపోయాక కూతురు మా దుకాణానికి వచ్చింది. మొగుడు పోయినప్పటినుంచి ఆమె నాయన దగ్గరే ఉంటోంది. ఇప్పుడు మందకు ఆమె తప్ప ఎవరూ లేరు. కొంగు ముడి విప్పి ఒరతో సహా ఆయన కత్తి నా ముందు పెట్టింది.

"మందను కొండకు తోలుకపోవాల అన్నా. నాయన కత్తే కట్టుకుందామనుకుంటాండా. అందురూ మంచిదంటాండారు. నువ్వొకసారి చూడు."

ఒర నేను కుట్టిందే. వాడి వాడి నల్లబడింది, కుట్టు చెక్కుచెదరలేదు. కత్తి బయటికి తీశాను. అంచు చాలా పదునుగా ఉంది. కానీ ఇనుము పిడిలోకి దిగే చోట అడ్డంగా సన్నని బీట. వెలుతురులోకి తిప్పితే స్పష్టంగా కనపడుతోంది. కొండ మీద గట్టిగా ఒక్కసారి లాగితే విరిగి ఆమె చేతిలోకే దిగుతుంది.

బాగుందని చెప్పాలనే ఉంది. చనిపోయిన మనిషి కత్తి. ఆమె నా నోటివైపే చూస్తోంది.

"ఇది వద్దు చెల్లె. విరుగుతుంది" అన్నాను.

ఆమె మొహం మాడిపోయింది. "నాయన కత్తికే వంక పెడ్తాండావా?"

"ఇంత బీట ఉంది, చూడు. ఎవరికైనా కనపడుతుంది. ఆయన ఎట్ల చూడలేదో నాకు తెలీదు."

ఆమె ఆ బీట మీద గోరు ఆనించి చూసింది. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

"నాయనకు కండ్లు పోయి శానా దినాలైందన్నా. ఎలుగు, చీకటి తప్ప ఏమీ తెలిసేది కాదు. ఎవురికీ చెప్పబాకన్నాడు."

నేను కత్తిని చాప మీద పెట్టాను. "నాకన్నా చెప్పొచ్చు కదా?"

"నీకు అసలు చెప్పొద్దన్నాడు. చెప్తే జాలిపడి అన్నీ బాగుండాయంటావంట. 'వాడు ఇప్పుడు నిజం చెప్తాండాడు, అట్లనే ఉండనీ' అనేటోడు."

అన్నీ నాకు చూపించినవాడు తన నడుమున ఉన్నదాన్ని మాత్రం చూపించలేదు. ఆయనకు చెప్పినవి ఎన్ని తప్పులో, ఎన్ని ఒప్పులో నాకు తెలియదు. ఎవరి వేలూ తెగలేదన్నది మాత్రం తెలుసు.

"కొత్తది నువ్వే చూసి పెట్టాల. ఇంకెవురుండారు?" అంది.

కమ్మరి దగ్గరికి ఇద్దరమూ పోయాం. అక్కడున్న కత్తులన్నీ పక్కన పెట్టించి, అప్పటికప్పుడు ఇంకోటి చేయించాను. వేపపుల్లలో గుచ్చి వంచి చూసి, ఇది సరేనని తేల్చి చెప్పాను. తడి తోలుతో ఒర కుట్టి, అది ఆరాక నేనే పెద్దారవీడు పోయి ఇచ్చాను.

ఆమె నడుముకు కట్టుకుని మందను దొడ్డి నుంచి వదిలింది. కంప దాటుతుండగా ఒక గొర్రెపిల్ల మెడతాడు ముళ్లకు చిక్కుకుంది. అది గింజుకున్నకొద్దీ తాడు బిగుసుకుంది. ఆమె ఒక చేత్తో పిల్లను ఒడిసిపట్టి, ఇంకో చేత్తో కత్తి లాగింది. తాడు తెగింది. పిల్ల దగ్గుకుంటూ తల్లి దగ్గరికి ఉరికింది. ఆమె కత్తిని నడుమున ఒరలో దోపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మంద వెంట పోయింది.

నేను దొడ్డి దగ్గరే నిలబడ్డాను. పక్కన ఎవరూ లేరు. అయినా నోరు ఊరుకోలేదు. పిల్ల బతికింది పెద్దనాయనా అన్నాను. బొల్లి గొర్రె ముందు పోతోంది, నీ బిడ్డ వెనక పోతోంది. వాగు దాటారు. దుమ్ము లేస్తోంది, ఆమె తలగుడ్డ మాత్రం కనపడుతోంది. ఇప్పుడు అదీ లేదు. ఇంక నాకూ ఏమీ కనపడటం లేదు, పెద్దనాయనా.