అమ్మమ్మ సరిదిద్దిన సాక్ష్యం

సహోదరీ సహోదరులారా, ఇద్దరం ఉన్న ఇంట్లో ఒక్క మాట లేకుండా ఆరు నెలలు గడిపినదాన్ని నేను.

నా భర్త చనిపోయాక, పిల్లలు లేని నన్ను కరీంనగర్ పక్క పల్లెలో ఉన్న మా అమ్మమ్మే చేరదీసింది. బీడీలు చేసి ముగ్గురు పిల్లలను సాకిన మనిషి, ఈ వయసులోనూ చాట ఒడిలో పెట్టుకుని ఆకు చుడుతూ కరువునాడు బీడీలతో ఇల్లు నెట్టుకొచ్చిన ముచ్చట్లు చెప్పేది. కొత్తగా ప్రభువును నమ్ముకున్న నేనేమో, పొగాకు పని ముచ్చట్లు విశ్వాసుల ఇంట్లో తగవనుకుని, "గా బీడీల ముచ్చట ఇంకెందుకే అమ్మమ్మా, ప్రార్థన చేసుకోరాదు" అన్నాను.

"నీకొద్దంటే చెప్పను తియ్యి బిడ్డా" అని ఊరుకుంది.

ఆ వారమే పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయింది!

అయ్యో, ఎంత ఏడ్చానో దేవునికే తెలుసు! అన్నం కలిపి తినిపిస్తుంటే ఆమె కళ్లు నా మీదే ఉండేవి, నాకేమో వినాలని ఉండేది, ఆమెకు నోరు రాదు, ఆమె పడ్డ కష్టమంతా ఆమెతోనే మట్టిలో కలిసిపోతుందని గుండె పగిలేది. అలా ఆరు నెలలు గడిచాక ఒక రాత్రి, "ప్రభువా, ఆమె నోరు నేనే మూయించాను, క్షమించు, ఆ ముచ్చట్లను పోనియ్యకు తండ్రీ" అని మోకరించాను.

మరునాడు నేను అమ్మమ్మ చాటను దులుపుతుంటే, ఆమె పక్కన కూర్చుని బీడీలు చేసిన రాజవ్వ మనసులో మెదిలింది, వెళ్లి వాళ్లింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా, భక్తురాలా!" అని ఎత్తిపొడుస్తూనే చాప వేసింది. "నేను బాలింతనైతే నా వంతు బీడీలు గూడ మీ అమ్మమ్మనే చేసి, నా పేరు మీద కార్ఖానల ఇచ్చొచ్చేది, నాలుగు నెలలు! పిల్లలకు మెతుకులు పెట్టి తను గంజి తాగేది. తిన్నవా అంటే తిన్నననేది, దొంగ ముసల్ది!" అని కళ్లు తుడుచుకుంది.

నన్ను కన్న మా బాపు చిన్నప్పుడు ఇంట్లో నేర్పిన అక్షరాలతో అదంతా నోటుబుక్కులో రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. "నాలుగు నెలలు" అనగానే ఆమె తల అడ్డంగా ఊపి, బాగున్న చేతిని మెల్లగా లేపి రెండు వేళ్లు చూపింది.

"రెండేనా అమ్మమ్మా?"

అవునని తలూపి, వంకరపోయిన మూతితోనే నవ్వింది! ఎక్కువ చెప్పితే ఒప్పుకోని ఆ మనిషి, సహోదరులారా, అన్నాళ్లకు నాతో మాట్లాడింది! కొట్టివేసి రెండని రాశాను.

ఆమెకు ఇంకా మాట రాలేదు, ఇల్లు ఇంకా నిశ్శబ్దమే. అయినా రోజూ ఒక పేజీ చదువుతాను, ఆమె వేళ్లతో దిద్దుతుంది, దేవునికే మహిమ! మీ ఇంటి పెద్దల ముచ్చట్లు ఈ రోజే అడగండి. ఆలస్యమైపోయిందని కుమిలేవారు నా దేవుణ్ణి నమ్మి అడగండి, నాకు రాజవ్వ గుమ్మం చూపినట్టే ఆయన మీకూ ఒక గుమ్మం చూపిస్తాడు. ఆమెన్.