మాస్టరు చెప్పిన రోజుకే బట్టలిచ్చిన వారం

ఆ టైలరు మాస్టరు చెప్పిన రోజుకి బట్టలిచ్చిన పాపాన పోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన కొట్టు చుట్టూ తిరిగి జనం చెప్పులరిగిపోయాయి. ఇద్దరు పెళ్ళికొడుకులు పాత కోట్లతోనే పెళ్ళి కానిచ్చుకున్నారు. గుడ్డ మడతైనా విప్పకుండా "కాజాలే తరువాయి, రేపు రండి" అనేవాడు. అదే కొట్లో ఓ మూల కూర్చుని కాజాలూ గుండీలూ కుట్టే ఆయన అక్క, జనం తిట్టే తిట్లలో సగం వాటా తినేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి అన్నీ కుట్టేయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వచ్చి మిషను మీద కూర్చుంటే అన్నం వేళకి కూడా లేవడం లేదు. స్కూలు యూనిఫారాలు గడువుకి పది రోజుల ముందే ఇచ్చేశాడు. మూడేళ్ళ కిందటి ప్యాంటు ఒకటి వెతికి తీసి, ఇంటికెళ్ళి మరీ ఇచ్చొచ్చాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. స్కూలు టీచరమ్మయితే తన కుర్తా ఒంటికి ఆనించి చూసుకుని, "మాస్టరికి ఇప్పటికి బుద్ధొచ్చింది" అని నవ్వుతూ వెళ్ళింది. అక్క కూడా నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం తలెత్తి చూస్తే బట్టల అర ఖాళీగా ఉంది. దాని వెనక గోడ ఆకుపచ్చదని అక్కకి ఆ రోజే తెలిసింది. అప్పుడే ఒకాయన చొక్కా గుడ్డ తెచ్చాడు. మాస్టరు దాన్ని చేత్తోనైనా తాకలేదు.

"కొత్తవి తీసుకోవడం లేదండి," అన్నాడు మెల్లగా.

అక్క తన చేతిలో సూది ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

నెల కిందటి సంగతి ఆమెకి కళ్ళ ముందు కదిలింది. మాస్టరూ, అతని ఎలక్ట్రీషియన్ స్నేహితుడూ దగ్గరగా కూర్చున్న ఫొటో ఒకటి ఎలాగో వాళ్ళ పెద్దన్నయ్య ఫోనులోకి చేరింది. పెద్దన్నయ్య కొట్లోకొచ్చి, "మగాడివై ఉండి ఇదేం బతుకురా? ఇవాళ్టి నుంచి నువ్వు మాకు లేవు," అని గుమ్మం దిగిపోయాడు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ని కూడా కొట్టుకి రావద్దని మాస్టరే చెప్పేశాడు. ఇంత జరుగుతుంటే అక్క తల వంచుకుని గుండీలు కుడుతూనే ఉంది. అదీ ఆమె చేసిన ఘనకార్యం.

చొక్కా గుడ్డాయన వెళ్ళిపోయాక అక్క లేచి షట్టరు సగం దించింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినదాన్నవుతానేమో అని భయం. అడక్కపోతే ఏమవుతుందో అని అంతకంటే పెద్ద భయం.

"ఏరా, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

మాస్టరు చాలాసేపు టేపు చుట్టాడు, విప్పాడు. "ఎవరి బట్టా నా దగ్గర ఉండిపోకూడదనుకున్నానక్కా," అన్నాడు.

అక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ రోజు నోరు మూసుకు కూర్చున్నాను. తప్పు నాది. నువ్వెవర్ని ఇష్టపడితే నాకేంట్రా, నువ్వుంటే చాలు."

"నీకు ముందే తెలుసా?"

"నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది అతను కాదూ. నాకు కళ్ళు లేవా."

అప్పుడు మాస్టరు మిషను మీద తల ఆనించి ఏడ్చాడు. అక్క కొట్టుకి తాళం వేసి అతన్ని అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి బయల్దేరదీసింది. బస్సులో దారి పొడుగునా అతని చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది. నలుగురూ చూస్తున్నారని తెలిసినా వదల్లేదు.

డాక్టరమ్మ మొహమాటం లేకుండా సూటిగా అడిగింది, మాస్టరు ఏదీ దాచకుండా చెప్పాడు. చివరికి అక్క వైపు తిరిగి, "ఇతను మగవాణ్ణి ప్రేమించడం జబ్బు కాదు, దానికి మందు లేదు, అక్కర్లేదు. చచ్చిపోవాలనిపించడానికే వైద్యం. కొన్నాళ్ళు ఒంటరిగా ఉంచకండి," అంది. ఆ ఆలోచన వస్తే ఎవరికి ఫోను చేయాలో మాస్టరు చేతే కాగితం మీద రాయించింది. మొదట అక్క, తర్వాత ఎలక్ట్రీషియను, ఆ కింద ఏ వేళప్పుడైనా మనిషి పలికే ఆసుపత్రి నంబరు.

భయం మాత్రం ఆ రోజుతో పోలేదు. మాస్టరు అలికిడి ఆగితే అక్క చేతిలో పని ఆగిపోయేది. ఎలక్ట్రీషియను మళ్ళీ సాయంత్రాలు వచ్చి కూర్చుంటున్నాడు. అతను వచ్చాకే ఆమె ఇంటికెళ్ళి స్నానం చేసేది.

రెండు నెలలకి టీచరమ్మ మరో కుర్తా గుడ్డ తెచ్చింది. మాస్టరు కాస్త తటపటాయించి టేపు అందుకున్నాడు. "శుక్రవారం ఇచ్చేస్తాను," అన్నాడు. శుక్రవారం టీచరమ్మ ఠంచనుగా వచ్చింది.

"కాజాలే తరువాయి టీచరమ్మా, రేపు రండి."

"మళ్ళీ మొదలెట్టారా మాస్టారూ? మిమ్మల్ని నమ్మడం నాదే బుద్ధి తక్కువ," అంటూ ఆవిడ తిట్లు అందుకుంది.

అక్క నవ్వు కనబడకుండా కొంగుతో ముఖం కప్పుకుంది. గుడ్డ మీద ఇంకా కత్తెరే పడలేదని ఆమెకి తెలుసు.