దీక్షలో వచ్చిన తండ్రి

అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి టీచర్ని. మొన్న కార్తీకంలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా క్లాసులో ఒకడు పక్కనున్న పిల్లాడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాడు. కొరికినవాణ్ణి వెనక బెంచీకి మార్చాను. మర్నాడు వాళ్ల నాన్న నేరుగా క్లాసులోకే వచ్చేశాడు. అయ్యప్ప దీక్షలో ఉన్నాడు. నల్లబట్టలు, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులు లేవు.

"మావోడ్ని ఎనక్కి తోసీడానికి నువ్వెవలు మాతా?" అంటూ బల్ల గుద్దాడు. దీక్షలో ఆడవాళ్లని మాతా అనే పిలవాలి కదా, ఆ నియమం మాత్రం తప్పలేదు! నేను నోరు తెరిచేలోగా కుర్చీ పైకెత్తాడు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

ఇంతలో మా హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన వంగి అతని కాళ్లకు దణ్ణం పెట్టి, "శాంతించండి స్వామీ, బాబు ముందు బెంచీలోనే కూర్చుంటాడు" అన్నారు. నావైపు తిరిగి, "దీక్షలో ఉన్నవాళ్లతో గొడవేంటమ్మా?" అని కసిరారు.

"దీక్షలో ఉన్నవాళ్లు కోపం తెచ్చుకోవచ్చా సార్?" అన్నాను. ఆయన స్వామిని గేటు దాకా సాగనంపడానికి వెళ్లిపోయారు.

సాయంత్రం, చేతికి కట్టుతో ఉన్న పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "గొడవలెందుకు మేడమ్, మావోడినే ఎనక బెంచీకి మార్సీండి" అంది మెల్లగా.

మార్చాను. అరవడం చేతకాని వాళ్ల పిల్లలకి మా స్కూల్లో మిగిలే చోటు అదే.