సప్పుడు వస్తాంది, మాట వస్తలేదు

హనుమకొండలో ఆడియో సామాను అమ్మే షాపులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చే ప్రతివాడూ అడిగేది ఒక్కటే, బేస్ ఎంత కొడుతుందని. కిటికీ అద్దాలు అదరాలి, పక్కింటివాడు కొట్లాటకు రావాలి, అప్పుడే వాళ్లకు పాట విన్నట్టు. అలాంటివాళ్లకు పెట్టె అమ్మి బిల్లు చేతిలో పెడతానే తప్ప రెండో మాట మాట్లాడను. నా నోటికి కాస్త దురుసెక్కువని మా ఓనరు కూడా అంటాడు.

వెంకటరాజం అన్న మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. చేతిలో చిన్న బ్లూటూత్ స్పీకరు ఉంది, కూతురు పంపిందట. దాన్ని బల్ల మీద పెట్టి నా ముఖంలోకి చూస్తూ, "తమ్మీ, నాకు పాటలు గీటలు వద్దు. మనిషి మాట సాఫ్‌గ ఇనవడాలె. గట్టిగ గాదు, సాఫ్‌గ. దీంట్ల సప్పుడు వస్తాంది, మాట వస్తలేదు" అన్నాడు.

ఆ మాటకు నేను పడిపోయాను. సుబేదారిలో అపార్ట్‌మెంట్లు కొన్న పెద్ద పెద్ద ఆఫీసర్లకు కూడా చప్పుడుకూ మాటకూ తేడా తెలియదు. ఈయనకు తెలుసు. తెలియక ఏం చేస్తుంది, ఆయన కొత్తవాడలో పవర్‌లూమ్ షెడ్డులో జాబర్ మరి. మగ్గం మొరాయించినా, నేత చెడినా వచ్చి బాగుచేసేవాడే జాబర్. నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే గుమ్మంలో నిలబడి ఫలానా వరుసలో ఫలానా మగ్గానికి జబ్బు చేసిందని చెప్పగలడని ఆయనకు పేరు. షెడ్డులో అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారట. ఆయన ముప్పై ఆరేళ్లలో ఒక్కరోజూ పెట్టుకోలేదు. "మిషిన్ మాట ఇనకుంటే జాబర్ ఎట్లయితడు?" అన్నాడు గర్వంగా.

ఆయన వినాలనుకున్నది పదకొండు నిమిషాల కథ. కూతురు అనూష హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, కథలు వినిపించే ఒక యాప్‌కు సొంతంగా రాసి చదివిన మొదటి కథ. "నీ గురించే రాసిన నాన్నా. అమ్మను అడగొద్దు, నువ్వే ఇని ఎట్లున్నదో చెప్పాలె" అందట. ఆయనకు కావలసింది అదొక్కటే. బిడ్డ తన గురించి ఏమనుకుంటుందో బిడ్డ గొంతులో వినాలి. వారానికొకసారి ఆ పిల్ల వీడియో కాల్‌లో "ఇన్నవా నాన్నా?" అని అడుగుతుంది. ఈయన "ఇన్న బిడ్డా, కానీ సెట్టు మంచిగ లేదు, ఇంకోపారి ఇని చెప్త" అంటాడు.

నేను నాలుగు రోజులు ఆలోచించి ఎంచాను. టీవీ కింద పెట్టే పొడుగు సౌండ్‌బార్ వద్దన్నాను, దానితో మాట టీవీలోంచి వచ్చినట్టే ఉంటుంది. మాట బాగా పలికే రెండు చిన్న చెక్క బాక్సులు, వాటికి సరిపోయే ఆంప్లిఫయరు, ఫోన్‌లోని అంకెలను తేటగా శబ్దంగా మార్చే అరచేతంత పెట్టె. దాన్ని మేం డాక్ అంటాం. హెడ్‌ఫోన్లు చూపిస్తే, "ఇన్నేండ్లు దూది పెట్టుకోనోన్ని, ఇప్పుడు చెవులు మూసుకుంటనా?" అని పక్కకు నెట్టాడు.

ఆదివారం షెడ్డుకు సెలవు. ఆ రోజు వాళ్లింటికి వెళ్లి అమర్చాను. ముందుగది ఇరుకు, గోడలు నున్నగా ఉండి మాట తిరిగి తిరిగి కొడుతోంది. కుర్చీ వెనక గోడకు జంపఖానా కట్టమన్నాను. "కాళ్ల కింద ఏసేది గోడకెట్ల ఏస్తరు? నవ్వుతరు" అని ఆయన వినలేదు. ఆయన భార్య శోభారాణి వదిన నవ్వుతూ పెట్టెలోంచి కొత్త జంపఖానా తీసి మేకులు కొట్టించింది. రెండు బాక్సులూ కుర్చీ మూడు మూలలుగా, టేపుతో కొలిచి సమానదూరంలో పెట్టాను.

"ఇగ చూడు అన్నా. కండ్లు మూస్కోని ఇను. బాక్సులు కనవడొద్దు నీకు. రెండు బాక్సుల నడుమ మనిషి కూసోని మాట్లాడుతున్నట్టుంటది. గట్లుంటేనే సెట్టు కుదిరినట్టు" అన్నాను.

కళ్లు మూసుకున్నాడు. కథ మొదలైంది. "మా నాన్న నాకు నేర్పిన మొదటి విద్య, గొంతు లేకుండా మాట్లాడటం. షెడ్డులో నలభై మగ్గాలు ఆడుతుంటే గొంతుతో పనేముంది? నాకు ఆకలేస్తోందని నా పెదవులు చూసి తెలుసుకునేవాడు." ఆ పిల్ల గొంతు ఎంత శుభ్రంగా పలికిందంటే నాకే ఒళ్లు జలదరించింది. స, శ, ష మూడూ విడివిడిగా వినిపించాయి. నేను మెప్పు కోసం ఎదురుచూశాను.

ఆయన కళ్లు తెరిచాడు. "సప్పుడు వస్తాంది తమ్మీ. మాట వస్తలేదు" అన్నాడు.

ఆ రోజు మొదలైంది నా చెర. డాక్ మార్చాను. కేబుళ్లు మార్చాను. బాక్సులను జానెడు ముందుకు, బెత్తెడు వెనక్కు జరిపాను. ఆదివారం వచ్చిందంటే చాలు, పొద్దున్నే ఫోను. ఫోనులో ఆయన చెప్పేది చెప్పి నేను నోరు తెరవకముందే పెట్టేస్తాడు. మా ఓనరుకేమో పండగ. నాకు మాత్రం ఆ పదకొండు నిమిషాల కథ అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చింది. నేను వెళ్లేముందు ప్రతిసారీ ఆయన, "నీకెట్ల అనిపిచ్చింది తమ్మీ, ఆ కథ?" అని అడిగేవాడు. నాకు తోచిందేదో చెప్పేవాణ్ని. ఒకసారి నా ఎదురుగానే బిడ్డతో వీడియో కాల్‌లో నా మాటలనే తన మాటలుగా అప్పజెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వినే ఓపిక లేక నెపం సెట్టు మీద పెడుతున్నాడని నాకు ఒళ్లు మండింది.

ఐదో ఆదివారం. ఆయన కుర్చీలో ఉన్నాడు, నేను ఆయన వెనక జంపఖానా మేకు సరిచేస్తున్నాను. మళ్లీ అదే మాట అన్నాడు. నా నోరు ఆగలేదు. "చెవిటోని ముందల శంఖం ఊదినట్టే ఉన్నది నా బతుకు" అన్నాను, గొణుగుడుగా కాదు, బాగానే వినిపించేటట్టు.

అని నాలుక కరుచుకున్నాను. ఆయన లేచి కొడతాడనుకున్నాను. ఆయన కదల్లేదు, చేత్తో కుర్చీ చేయి తడుముతూ బాక్సుల వంకే చూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని వదిన నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన నాతో మాట్లాడినప్పుడల్లా నా ముఖంలోకే ఎందుకు చూశాడో, ఫోను ఎందుకు గబుక్కున పెట్టేశాడో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది. "నాలుగేండ్ల కిందట దవాఖానకు తీస్కపోయిన రాంప్రసాదూ. ఆయనను బయట కూసోవెట్టి డాక్టర్ నాకు చెప్పిండు. సన్నటి సప్పుళ్లు పోయినయట, చెవులకు మిషిన్ పెట్టాలన్నడు. నేను వచ్చి గులిమి తీసిండ్రని చెప్పిన" అంది.

"అట్ల ఎందుకు చెప్పినవ్ వదినా?"

"చెవులే కదా ఆయన పని. పక్క షెడ్డుల ఒకాయనకు గిట్లనే అయితే పనిలకెళ్లి తీసేసిండ్రు. మనిషి ఇంట్లకెళ్లి బయటికి వస్తలేడు. ఈయనకేమో మగ్గం మీద అరచెయ్యి పెట్టంగనే దాని రోగం తెలుస్తది. చెవులే చెప్తున్నయనుకుంటడు. మనుషుల మాట పెదవులు చూసి పట్టుకుంటడు. అది గూడ చెవులతోనే ఇంటున్న అనుకుంటడు. షెడ్డుల పుట్టి పెరిగినోళ్లకు అలవాటే గద అది" అంది. కొంగుతో చేతులు తుడుచుకుని, "నేనాయనకు ఎన్కకెళ్లి మాట్లాడక నాలుగేండ్లాయె. పొయ్యి కాడ ఉన్నా ఉరికొచ్చి ముందల నిలవడి చెప్త. నువ్వు చెప్పకు. నా మీద ఒట్టు" అంది.

ఇక చూడండి నా అవస్థ. మనిషి మాటలన్నీ పట్టుకుంటాడు, మిషిన్ మాట పట్టుకోలేడు. కాబట్టి తప్పు మిషిన్‌దే అని ఆయన లెక్క. ఆ లెక్కలో నాకూ తప్పు కనిపించదు. పైగా బాక్సుకు పెదవులు ఉండవు, నేనేమో ఉన్న కళ్లు కూడా మూసుకోమని నేర్పాను. నిజం చెబితే ఆయన కూలిపోతాడు, చెప్పకపోతే నేను దొంగను. "ఇంతకంటె మంచిది లేదన్నా, ఇగ కొనకు" అన్నాను. "నీకు చాతగాకుంటే చెప్పు, హైదరాబాద్ నుంచి తెప్పిచ్చుకుంట" అన్నాడు. ఎక్కడో ఎవడో ఆయన్ని ముంచుతాడని భయపడి, షాపులో నమూనాకు పెట్టినవే తీసుకెళ్లి పెట్టి, తెచ్చి, మళ్లీ పెట్టేవాణ్ని. ఆ ముందుగదిలో వదిన, నేను, ఆయన, ముగ్గురం ఎవరి గదిలో వాళ్లం తాళం వేసుకుని కూర్చున్నట్టుండేది.

అనూష సెట్టు చూస్తానని ఒక ఆదివారం వచ్చింది. "జర రా తమ్మీ, బిడ్డకు చూపియ్యాలె" అని ఫోను. తప్పించుకుందామని జ్వరమన్నాను. ఆయన ఎలాగూ వినలేదు.

వెళ్లేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. వదిన గుమ్మంలో ఉంది. గదిలో చోటు లేక ఆ పిల్ల సరిగ్గా రెండు బాక్సుల నడుమ నేల మీద చతికిలబడింది. నేను ఆయన వెనక నిలబడి ఫోన్‌లో కథ పెట్టాను. ఆయన అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. తాను రాసిందే కదా, అనూష తండ్రి ముఖంలోకి చూస్తూ బాక్సుల్లోంచి వచ్చే తన గొంతుతో పాటు చప్పుడు లేకుండా పెదవులు కదుపుతూ కూర్చుంది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో, బిడ్డ ముఖం చూద్దామనేమో, కళ్లు తెరిచాడు. ముఖమంతా వెలిగింది. "ఆఁ! ఇప్పుడు సాఫ్‌గ వస్తాంది! తమ్మీ, ఏం మార్చినవ్?"

నేను దేన్నీ ముట్టుకోలేదు. ముందుకొచ్చి, "కేబుల్ జర సరిచేసిన అన్నా" అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి రావడానికి ఎంత బరువైందో నాకే తెలుసు.

"అయితే మంచిగ ఇంట" అని నేను నేర్పినట్టే కళ్లు మూసుకున్నాడు. ముఖంలో నవ్వు పోయింది. తెరిచాడు, వచ్చింది. మూశాడు, పోయింది. మగ్గాన్ని ఆపి, ఆడించి, మళ్లీ ఆపి తప్పెక్కడుందో వెతికే మనిషి. నాలుగుసార్లు అలా చూశాడు. అనూషకు అప్పటికి తెలిసిపోయింది. కళ్ల నిండా నీళ్లు తిరిగినా పెదవులు మాత్రం ఆపలేదు.

ఆయన చెయ్యి పైకెత్తాడు. నేను ఆపాను.

"బాక్సులల్ల తప్పు లేదు తమ్మీ" అన్నాడు నా వైపు తిరిగి. "ఇన్నొద్దులు నేను కండ్లతోని ఇన్ననా?" అన్నాడు.

"బిడ్డా, మల్ల మొదటి నుంచి చదువు. ఆ మిషిన్ వద్దు" అన్నాడు. అనూష గొంతు పెగల్లేదు. గొంతు లేకుండానే, ఉత్త పెదవులతోనే చదవడం మొదలుపెట్టింది. పన్నెండేళ్లుగా శబ్దాలు కొలిచే నాకు ఒక్క ముక్కా వినిపించలేదు. ఆయన మాత్రం రెప్ప వేస్తే మాట పోతుందేమోనన్న భయంతో కళ్లార్పకుండా పదకొండు నిమిషాలు విన్నాడు. ఒకచోట నవ్వాడు. ఒకచోట తల అడ్డంగా ఊపి, "గా రోజు టిఫిన్ల ఉప్పు లేకుండె" అన్నాడు.

కథ అయిపోయింది. ఆయన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "రేపు షెడ్డుకు ఏం మొఖం పెట్టుకోని పోవాలె" అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు.

"నీకు ఎప్పటి సంది ఎరికె?" అని భార్యను అడిగాడు.

వదినకు ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి, "నాలుగేండ్ల సంది" అంది.

ఆయన ఆమె వీపు చూస్తూ, జవాబు కోసం అలాగే ఎదురుచూస్తున్నాడు. అది ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని, కొంగు దించి, ఆయన ముందుకొచ్చి నిలబడి, మళ్లీ చెప్పింది.